మా నాన్న సాక్ష్యం, అత్తయ్య పొలం

మా అత్తయ్యకు ఆ పొలం ఎవరూ దయతో ఇవ్వలేదు. మిగతాదంతా తర్వాత. ముందు ఈ మాట రాయకపోతే నాకు చెయ్యి ఆడదు. హైకోర్టువారి తీర్పులో దీనికి సరిగ్గా విరుద్ధమైన మాట ఉంది. దాన్ని టైపు కొట్టించి, సీలు వేయించి, మా ప్లీడరుగారి గుమాస్తా బందరులో మా ఇంటికి తెచ్చి ఇచ్చాడు. నా మాటకు సీలు లేదు. నలుగురిలో నోరు విప్పగలిగినదాన్ని కాను. డైరీలో రాసుకోవడం ఒక్కటే చేతనవును. ఇప్పుడు అదే డైరీలోంచి తీసి, మొదటినుంచీ వరసగా రాస్తున్నాను.

అత్తయ్య మా నాన్నకు అక్క. దివిసీమలో, కోడూరు దాటి సముద్రం వైపు వెళ్ళే ఊళ్ళలో ఒకదానికి కోడలుగా వెళ్ళింది. పిల్లలు పుట్టకుండానే మావయ్య పోయారు. స్వాతంత్ర్యం రాకముందు సంగతి ఇది. అప్పటి హిందూ ధర్మం ప్రకారం ఉమ్మడి ఆస్తిలో విధవకు వాటా లేదు. భర్త తరఫువాళ్ళు తిండీ బట్టా ఇవ్వాలి, అంతే. దాన్ని కోర్టుల్లో మనోవర్తి అంటారు. అది దయ కాదు, హక్కు. చిన్నదైనా హక్కే.

ఆస్తంతా మావయ్య తమ్ముడి చేతిలోకి వెళ్ళింది. ఆయన్ని నేను చినమావయ్య అంటాను. ఆయన మంచి మాటకారి. "వదినగారూ, మీకేం లోటండీ, మేం లేమా" అంటూనే అత్తయ్య మంచం పశువుల కొట్టం పక్క సావిట్లోకి మార్పించాడు. తర్వాత వంటింట్లో పొయ్యి వేరు పెట్టుకోమన్నారు. బియ్యం పంపడం ఆలస్యమయ్యేది. కొన్నాళ్ళకు అడిగితే తప్ప పంపడం మానేశారు.

అప్పుడు అత్తయ్య వెళ్ళి పెద్దింటి వీధరుగు మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే రాలేదు. విస్తరి వేసి పెడితే ముట్టుకోలేదు. దారిన పోయేవాళ్ళంతా ఆగి చూశారు. ఆవిడకు కావలసింది అదే.

"చాటుగా ఏడిస్తే ఎవడిస్తాడే అమ్మడూ? నలుగురూ చూసే చోట కూచోవాల," అని నాకు ఎన్నోసార్లు చెప్పింది. "ఏం వదినగారూ ఇట్టా కూచున్నారు, జొరమా అని పలకరించేవాడు మీ చినమావయ్య. జొరం కాదయ్యా, ఆకలి అనేదాన్ని. ఊరంతా వినపడేట్టు."

పెద్దమనుషులు చేరారు. మా నాన్న అప్పటికి కుర్రవాడు, కొత్తగా బడిలో మాస్టరుగా చేరాడు. బందరునుంచి వెళ్ళాడు. చివరకు అత్తయ్యకు రెండెకరాల చెక్క ఇవ్వడానికి ఒప్పుకున్నారు. ఉప్పుకాలవ పక్కన, పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళు ఎక్కే చౌడు నేల అది. ఎండాకాలం తెల్లగా పొరలు కట్టేది. వాళ్ళకు అక్కర్లేనిది ఇచ్చారు. అయినా అత్తయ్య ఒప్పుకుంది.

అసలు తప్పు ఆ రోజే మొదలైంది. దస్తావేజు రాసే ఆయన కలం పట్టుకుని, "మనోవర్తి నిమిత్తం అని రాయమంటారా?" అని అడిగాట్ట.

చినమావయ్య చెవులు మూసుకున్నంత పని చేశాడు. "రామరామ! మా ఇంటి కోడలు మనోవర్తికి మమ్మల్ని నిలదీసిందని రిజిస్ట్రారు ఆఫీసుకెక్కాలా? మా వదినగారి మీద అభిమానంతో ఇస్తున్నట్టు రాయండి. ఏం బావగారూ?"

బావగారంటే మా నాన్న. మా నాన్నకూ అదే సబబుగా తోచింది. "అవునండీ, రెండు వైపులా మర్యాదగా ఉంటుంది," అన్నాడు. మా అక్క తిండికోసం అరుగుమీద కూర్చుంది అని కాగితం మీద ఉండటం ఆయనకూ ఇష్టం లేదు. అత్తయ్య మాత్రం, "ఏదో ఒకటి రాయండయ్యా, హద్దులు సరిగ్గా రాయండి," అంది.

ఆ కాగితంలో ఇంకో వాక్యం కూడా ఉంది. ఆవిడ జీవితకాలం అనుభవించాలి, అమ్మకూడదు, ఎవరికీ రాయకూడదు, ఆవిడ తర్వాత మళ్ళీ వాళ్ళ సంతతికే చేరాలి. ఇది చినమావయ్య కల్పన కాదు. ఈ జిల్లాలో విధవకు భూమి ఇచ్చిన ఏ కాగితం చూసినా అదే వాక్యం ఉంటుంది. దస్తావేజులు రాసేవాళ్ళకు అది కంఠతా వచ్చు. అప్పటి ధర్మం అంతకన్నా ఎక్కువ ఇవ్వనివ్వదు గనక.

తర్వాత పదేళ్ళకు పైగా అత్తయ్య ఆ చౌడుతోనే బతికింది. గట్లు ఎత్తు చేయించింది. కృష్ణ కాలవలో ఎర్రనీళ్ళు వచ్చినప్పుడు చేలో నిండా పెట్టి, నిలబెట్టి, ఉప్పుతో సహా మురుక్కాలవలోకి వదిలేయించేది. జీలుగ చల్లించి, నడుమెత్తు పెరిగాక కలియదున్నించేది. మొదట్లో గింజ పండలేదు. తర్వాత అక్కడక్కడా పచ్చ కనబడింది. నాకు ఊహ తెలిసి, సెలవుల్లో చల్లపల్లి మీదుగా బస్సులో వెళ్ళడం మొదలుపెట్టేనాటికి, అది అందరి పొలాల్లాగే ఉండేది. గట్టుమీద కూర్చుని నేను పుస్తకం చదువుకుంటుంటే ఆవిడ నా పక్కన ఆకుకూర గిల్లేది.

"ఏం రాశాడే అందులో?" అనేది.

నేను కథ చెప్పేదాన్ని. ఆవిడ దగ్గర నాకు మాటలు వచ్చేవి.

దేశంలో కొత్త చట్టం వచ్చింది. హిందూ స్త్రీ చేతిలో ఉన్న ఆస్తి ఇకమీదట ఆమెకు పూర్తి హక్కుతో చెందుతుంది, జీవితకాలానికే అన్న కట్టు ఉండదు అన్నారు. బందరులో దాని తెలుగు పుస్తకం ఒకటి అమ్మేవారు. పల్చటి పుస్తకం. నేను కొని, లెక్కల నోటుబుక్కులో పెట్టుకుని చదివాను. వంటింటి గోడలో ఎవరో తలుపు తెరిచినట్టు అనిపించింది. మనోవర్తికి బదులుగా వచ్చిన ఆస్తి కూడా ఇందులోకే వస్తుందని అక్షరాలా రాసి ఉంది. దాని కిందనే ఇంకో చిన్న భాగం ఉంది. దానంగానో, వీలునామాగానో, ఒక కాగితం ద్వారానో, కోర్టు డిక్రీ ద్వారానో షరతుతో ఇచ్చిన ఆస్తికి ఇది వర్తించదు అని. అప్పుడు నేను ఆ భాగాన్ని పట్టించుకోలేదు. నా ఈడు పిల్ల పట్టించుకోకపోవడం వింత కాదు. మా ప్లీడరుగారు పట్టించుకున్నారు.

"ఈ చిన్న భాగం ఒక కిటికీ అమ్మా," అన్నారు నాన్న ఎదట నాతో. "తలుపు పెద్దది. ఈ కిటికీ ఎంతవరకు తెరవాలో కోర్టులు చెప్పాలి. చట్టం ఎందుకు పుట్టిందో చూసి చెప్తారా, కాగితంలో ఏ మాట ఉందో చూసి చెప్తారా, అదీ ఇప్పుడు తగాదా."

చట్టం వచ్చిందని తెలిసిన మర్నాటినుంచి అత్తయ్య ఆగలేదు. అవనిగడ్డ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి పొలం నా పేర రాసింది. తను ఉన్నన్నాళ్ళూ అనుభవించి, తర్వాత నాకు. స్కూలు ఫైనలుతో నన్ను ఆపకూడదని ఆవిడ పంతం. "దీని బుర్రలో ఉన్న చదువుకి నీ మాస్టరు జీతం ఎక్కడ చాలుద్దిరా?" అని నాన్నతో అంది. నాన్నకు ఆ మాట నచ్చలేదు.

చినమావయ్య అప్పటికి గుడివాడలో బియ్యం మిల్లు పెట్టాడు. తెల్లచొక్కా, చేతిగడియారం. ఆ పొలం పండటం మొదలుపెట్టాక ఆయన దివిసీమ రావడం ఎక్కువైంది. కాగితం సంగతి తెలియగానే దావా వేశాడు. ఆవిడ రాసింది ఆవిడ తర్వాత చెల్లదని చెప్పమన్నాడు. దావాలో నేను మైనరు ప్రతివాదిని. మా నాన్న నాకు గార్డియను. నా పేరు కోర్టులో పిలుస్తారని తెలిసి నాకు అన్నం సయించలేదు. ఆ భయం ఇప్పుడు తలచుకుంటే నామీద నాకే చిరాకు.

అత్తయ్య బోనెక్కుతానంది. అది ఆవిడ స్వయంగా చెప్పవలసిన సంగతి. అరుగుమీద కూర్చున్నది ఆవిడ.

నాన్న ఒప్పుకోలేదు. "మన ఇంటి ఆడవాళ్ళు కోర్టు మెట్లెక్కలేదక్కా. వాళ్ళ ప్లీడరు నోటికొచ్చినవి అడుగుతాడు. నేను చెప్తాగా."

"నేనేమైనా పరదాలో ఉన్నానంట్రా? చేలో మోకాటిలోతు బురదలో దిగినదాన్ని మెట్లెక్కలేనా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏది వేరు?"

నాన్నకు అది చెప్పవలసిన విషయంలా కూడా తోచలేదు. అత్తయ్య తమ్ముడికి లొంగే మనిషి కాదు. కానీ తమ్ముడు పిల్ల పేరు ఎత్తాడు. అక్క కోర్టుకెక్కితే రేపు పిల్లని చూసి నలుగురూ ఏమంటారో అన్నాడు. నా పేరు చెప్పి ఆవిడ నోరు మూయించాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. నన్ను ఎవరూ అడగలేదు.

ఇక సాక్ష్యం. అవతలి ప్లీడరు నాన్నను చాలాసేపు మంచిగానే అడిగి, చివర్లో మాట మార్చాట్ట. "మాస్టారూ, మీ జీతం చాలక, మీ అక్కగారి పొలం మీ అమ్మాయి పేర రాయించుకున్నది మీరే కదా?" అన్నాట్ట. కోర్టు నిండా జనం. అందులో నాన్న దగ్గర చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

నాన్నకు రోషం వచ్చింది. "మా కుటుంబం ఎవరి సొత్తుకూ ఆశపడలేదండీ. మా అక్క వాళ్ళను ఏనాడూ ఏదీ అడగలేదు. వాళ్ళే దయతో ఇచ్చారు," అన్నారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఈ సంగతి మాకు చెబుతూ ఆయన నవ్వారు. గట్టి దెబ్బ కొట్టి వచ్చిన మనిషిలా ఉన్నారు. అమ్మ చారు కాస్తున్నదల్లా చేతిలో గరిటతో బయటికి వచ్చింది.

"అడక్కపోతే ఎవరిచ్చారండీ? ఆవిడ అరుగుమీద ఊరికే కూచుందా?"

"నీకు తెలీదు, ఊరుకో. అంతమందిలో మా అక్క తిండికి దేవిరించిందని చెప్పమంటావా?"

"దేవిరించిందని కాదు. అడిగిందని."

"రెండూ ఒకటే," అన్నారు నాన్న.

రెండూ ఒకటి కావు. ఆ రోజు నాకు అది తెలుసు. కోర్టుకు ఆ మాట ఎలా వినబడుతుందో మాత్రం నాకు తెలియదు. ఆ మాటతో మా నాన్న పరువు నిలబెట్టుకున్నాననుకున్నాడు. దానితోనే అక్క హక్కును దానంగా మార్చి ఇచ్చి వచ్చాడు. దానం అయితే పొలం ఆ కిటికీలోంచి చట్టం బయటికి పోతుంది.

అయినా దావా మొదట విచారించిన అవనిగడ్డ కోర్టులో మేం గెలిచాం. అక్కడి జడ్జీ, మునసబుగారు, ఈ ప్రాంతంలోనే పని చేస్తున్న మనిషి. నాన్న మాటను ఆయన పట్టుకోలేదు. పరువుగల కుటుంబాలవాళ్ళు హక్కుగా తీసుకున్నదాన్ని కూడా దయ అనే చెప్పుకుంటారు, అది మర్యాదకు అనే మాట, విధవకు భూమి ఇచ్చింది ఆమెను పోషించవలసిన బాధ్యత ఉండబట్టే అని రాశారు. ఇలాంటివాళ్ళ కోసమే చట్టం చేశారని కూడా రాశారు. ప్లీడరుగారు ఆ ముక్క చదివి వినిపించినప్పుడు నేను ఆ మునసబుగారికి మనసులో దణ్ణం పెట్టుకున్నాను. చినమావయ్య బందరు కోర్టుకు వెళ్ళాడు. అక్కడా ఓడిపోయాడు. ఆ వేసవిలో నేను స్కూలు ఫైనలు ప్యాసై కాలేజీలో చేరాను. అత్తయ్య ధాన్యం అమ్మి నా పుస్తకాలు కొంది.

చినమావయ్య హైకోర్టుకు వెళ్ళాడు. హైకోర్టులో ఎవరూ బోనెక్కరు. అక్కడికి కాగితాలు వెళతాయి. కింద పలికిన మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి, అచ్చేసి, కుట్టి, పుస్తకంలా పంపుతారు. ఆ పుస్తకంలో మా నాన్న మాట ఉంది. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఎర్రబడిందో లేదు. అవతలి ప్లీడరు జీతం సంగతి ఎంత వెటకారంగా ఎత్తాడో లేదు. బందరులోనూ గుడివాడలోనూ పామర్రు బస్టాండులోనూ ఎవరినైనా "ఎలా ఉన్నారండీ" అంటే "అంతా మీ దయ" అంటారని అందులో ఎక్కడా రాసి లేదు.

తీర్పు వచ్చిన రోజు అత్తయ్య మా ఇంట్లోనే ఉంది. కంటికి మందు వేయించుకోవడానికి వచ్చింది. తీర్పు ఇంగ్లీషులో ఉంది. ఓడిపోయామని గుమాస్తా చెప్పి వెళ్ళిపోయాడు. నాన్న కాగితాలు పుచ్చుకుని అలమార్లో పెట్టబోయారు.

"చదవరా," అంది అత్తయ్య.

"ఏముందక్కా చదవడానికి. పోయింది, అంతే."

"ఎట్టా పోయిందో వినాల. అమ్మడూ, నువ్వు చదువు."

నేను చదివాను. ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. స్త్రీలకు ఆస్తి విషయంలో ఉన్న అడ్డంకులు తొలగించడానికే పార్లమెంటు ఈ చట్టం చేసింది, ఆ ఉద్దేశాన్ని మేం కాదనడం లేదు అని ఉంది. అత్తయ్య తలూపింది. కానీ ఇచ్చినవాడు షరతు పెట్టి ఇస్తే ఆ షరతు నిలబెట్టాలన్నదీ పార్లమెంటు ఉద్దేశమే అని ఉంది. మాటలు స్పష్టంగా ఉన్నచోట కోర్టు ఉద్దేశాలు వెతుక్కుంటూ పోకూడదని ఉంది. ఈ కాగితంలో జీవితకాలం అన్న మాట స్పష్టంగా ఉందట. పోనీ మనోవర్తికి బదులు ఇచ్చింది అనుకుందామంటే, కాగితంలో అభిమానంతో అని ఉందట. ఆవిడ బోనెక్కి కాదని చెప్పలేదట.

తర్వాతి వాక్యం దగ్గర ఆగాను. నాన్న నావైపు చూడటం లేదు.

"ఆగావేంటే? ఇంకా ఉంది కదా," అంది అత్తయ్య.

ఆ వాక్యం దాటేసి కింది పేరాకు వెళ్ళవచ్చు. ఇంగ్లీషు ఆవిడకు రాదు. నాకు కోపం వచ్చింది. ఆవిడ నోరు ఒకసారి నా పేరు చెప్పే మూయించారు. ఇప్పుడు చెవులు కూడా మూయించమంటారా అనిపించింది. చదివాను. ఆమె సొంత తమ్ముడే, ఆమె వారిని ఏనాడూ ఏదీ అడగలేదనీ, వారు దయతోనే ఇచ్చారనీ ప్రమాణం చేసి చెప్పాడు, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి, అని.

అత్తయ్య మందు వేసిన కన్ను మూసుకుని, రెండో కంటితో తమ్ముణ్ణి చూసింది.

"అట్టా అన్నావంట్రా?"

"కోర్టులో ఒక్కోసారి..."

"నేను వాళ్ళని అడగలా?"

"అక్కా, అది మాటవరసకి..."

"నా ఆకలి మాటవరసా?"

నాన్న లేచి పెరట్లోకి వెళ్ళారు. అత్తయ్య తీర్పు కాగితాల మీద చెయ్యి పెట్టి, "ఈ జడ్జీ ఎప్పుడైనా చౌడు చూశాడంటావా?" అని నన్ను అడిగింది. జవాబు కోసం ఆగలేదు. కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

ఆ తీర్పు నేను తర్వాత ఒంటరిగా మళ్ళీ చదివాను. చదివినకొద్దీ కోపం పెరిగింది. నేను లా చదవలేదు. అయినా ఇంత మాత్రం అర్థమవుతుంది. జీవితకాలం అన్న షరతు ఎందుకు వచ్చింది? పాత ధర్మం విధవకు అంతకన్నా ఇవ్వనివ్వదు గనక వచ్చింది. ఆ ధర్మాన్ని తీసేయడానికి కొత్త చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని ఆ ధర్మమే రాయించిన వాక్యం చూపించి ఆపేశారు. ఈ జిల్లాలో ఏ విధవ కాగితంలో ఆ వాక్యం లేదు? ఒక్కదాంట్లో చూపించమనండి. అందరి కాగితాల్లోనూ అది ఉంటే, అది ఉన్నవాళ్ళెవరికీ చట్టం వర్తించకపోతే, ఇంక ఆ చట్టం ఎవరికోసం చేసినట్టు? స్పష్టంగా ఉన్నచోట ఉద్దేశం వెతకక్కర్లేదట. వెతకడం ఇష్టం లేనివాళ్ళకు ఎప్పుడూ స్పష్టంగానే ఉంటుంది. అదే చట్టం చదివి వేరే రాష్ట్రాల హైకోర్టులు కొన్ని ఇంకోలా చెప్పాయని ప్లీడరుగారు తర్వాత అన్నారు. అంటే సరిహద్దు అవతల పుట్టిన అత్తయ్యకు పొలం ఉండి ఉండేది. దేశానికంతా ఒకటే చట్టం అని పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నారు కదా.

వారం తిరక్కుండా చినమావయ్య వచ్చాడు. చేతిలో పూతరేకుల పొట్లం. లోపలికి వచ్చి కుర్చీ లాక్కుని, "వదినగారూ, మీరేం మనసులో పెట్టుకోకండి. మీరున్నన్నాళ్ళూ ఆ పొలం మీదే. ఎవడు కాదంటాడో చూస్తా," అన్నాడు.

అత్తయ్య పొట్లం వైపు చూడలేదు. "కూచో. ఒక సంగతి అడుగుతా. ఆ పొలం నాకెందుకిచ్చావు?"

ఆయన నవ్వాడు. "అదేంటండీ వదినగారూ, ఇప్పుడా మాట. మీమీద అభిమానంతో. హైకోర్టే చెప్పింది కదా."

"ఇంకోసారి చెప్పు. పిల్ల వినాల."

"దయతో అనుకోండి, అభిమానం అనుకోండి, పెద్దవాళ్ళు, మీకు ఏం చేసినా..."

"అయితే ఆ దయ ఇప్పుడు చూపించు," అంది అత్తయ్య. "అది నాకిచ్చినప్పుడు అందులో ఉప్పు తప్ప ఏమీ లేదు. అప్పుడే అంత దయ ఉంటే ఇప్పుడు పంట చూశాక ఇంకా ఉండాల గదా. ఈ పిల్లకి రాసిచ్చెయ్. అవనిగడ్డ ఎంత దూరం? నేనూ వస్తా, సాక్షి సంతకం పెడతా."

నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చినమావయ్య నావైపు చూశాడు, నాన్నవైపు చూశాడు, గడియారం చూసుకున్నాడు.

"ఆలోచిద్దాం వదినగారూ. పామర్రులో మళ్ళీ గుడివాడ బస్సు దొరకదు, వస్తా. బావగారూ, వస్తానండీ."

"మంచిదండీ," అన్నారు నాన్న. వీధి గుమ్మందాకా వెళ్ళి సాగనంపి వచ్చారు. వచ్చి, "అలా అడక్కూడదక్కా. బాగుండదు," అన్నారు.

"బాగుండటం కోసం నువ్వు చేసినవి చాల్లేరా," అంది అత్తయ్య.

ఆవిడ ఊరికి వెళ్ళేముందు నాతో, పైన ఇంకో కోర్టు ఉందంటారు, అడిగి కనుక్కో అంది. నాన్నతో చెప్పలేదు. నేను ఒక్కదాన్నే ప్లీడరుగారి ఇంటికి వెళ్ళాను. వీధిలో రెండుసార్లు వెనక్కి తిరిగి, మూడోసారి గేటు తీశాను. ఆయన అరుగుమీద పేపరు చదువుకుంటున్నారు. ఆశ్చర్యపోయి కూర్చోమన్నారు.

"ఢిల్లీలో సుప్రీంకోర్టు ఉందమ్మా. అనుమతి దొరకాలి. దొరికినా అక్కడికి వెళ్ళేవి ఈ కాగితాలే."

"అత్తయ్య వచ్చి జరిగింది చెప్తుందండీ. ఈసారి తనే చెప్తుంది."

"చెప్పడానికి అక్కడ బోను ఉండదు తల్లీ. కింద మొదటి కోర్టులో ఏం పలికారో పైకంటా అదే. చట్టం ఉద్దేశం గురించి అక్కడ గట్టిగా వాదించొచ్చు. ఏదో ఒకనాడు ఆ వాదం ఎవరో ఒకరు గెలుస్తారు కూడా. కానీ మీ కేసులో మీ నాన్నగారి మాట అడ్డంగా ఉంది. దాన్ని చెరపలేం."

ఇంటికి వచ్చేసరికి నాన్న పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. నేను ఎదురుగా నిలబడి ప్లీడరుగారు చెప్పినదంతా చెప్పాను. నేను ఒక్కదాన్నే వెళ్ళినందుకు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"ఇంకెట్లా చెప్పమంటావు? అంతమందిలో నన్ను ఆ మాట అడిగితే?"

"మా అక్క అడిగింది, వాళ్ళు ఇచ్చారు అని చెప్పాల్సింది నాన్నా."

"అడిగిందని చెప్తే..." అని ఆగిపోయారు.

"చెప్తే ఏమయ్యేది నాన్నా?"

ఆయన ఎర్ర పెన్సిలు బల్లమీద పెట్టి, "అక్కకు నేను చెప్తాలే. నువ్వు రాయకు," అన్నారు. ఆ ఆదివారం పొద్దున బస్సుకు అవనిగడ్డ మీదుగా అత్తయ్య ఊరు వెళ్ళారు. చీకటి పడకముందే తిరిగొచ్చారు. ఏం చెప్పారని అడిగితే, "చెప్పాను," అన్నారు.

తర్వాత అత్తయ్య కార్డు వచ్చింది. ఆవిడ కూడబలుక్కుని రాస్తుంది. మీ నాన్న వచ్చాడు, గట్టుమీద కూచున్నాడు, నారుమడి బాగుందన్నాడు, వంకాయలు కట్టిస్తే పట్టుకెళ్ళాడు, కోర్టు సంగతి ఎత్తలేదు, నువ్వు కనుక్కున్నావా లేదా, అని ఉంది అందులో.

అందుకని నేనే రాశాను. అత్తయ్యా, పైన కోర్టు ఉంది. అక్కడ నీ మాట వినరు, నాన్న మాటే వింటారు. నువ్వు నాకు రాసిచ్చింది చెల్లదు. నువ్వున్నన్నాళ్ళే పొలం నీది. నువ్వు అడిగే తీసుకున్నావని నాకు తెలుసు, అమ్మకు తెలుసు, నాన్నకూ తెలుసు, చినమావయ్యకు అందరికన్నా బాగా తెలుసు. ఇంతే రాసి, నాన్న చూస్తుండగా కవరు అంటించి, నేనే వెళ్ళి పోస్టులో వేసి వచ్చాను.